ఎడారి పార్కుల క్యాంప్‌గ్రౌండ్‌లు: కలిసిరాని జట్టుకు ఏది నప్పుతుంది?

అమెరికా ఎడారి నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్‌ల మీద వచ్చే రివ్యూల్లో సగం నక్షత్రాల గురించి, మిగతా సగం సూర్యాస్తమయం గురించి ఉంటాయి. ఆ రెండూ అన్ని చోట్లా బాగానే ఉంటాయి. తేడా తెలిసేది మనుషుల దగ్గర. జట్టులో ఒకరు తొమ్మిదైనా టెంట్‌లోంచి బయటికి రారు. ఒకరు ట్రెయిల్ (కాలినడక దారి) ఎక్కగానే వెనక ఎవరున్నారో చూడకుండా పోతారు. ఒకరు అర లీటరు సీసాతో బయల్దేరి, దారిలో పక్కవాళ్ళ సంచి వైపు చూస్తారు. ఇంకొకరు ప్రతి డాలరుకీ లెక్క అడుగుతారు, తన వంతు మాత్రం చివర్న ఇస్తారు. ఇంట్లో కోపమొస్తే తలుపేసుకోవచ్చు. ఎడారిలో వేసుకోడానికి ఉండేది జిప్ ఒక్కటే, అదీ ఇసుక పడితే సగంలో ఆగిపోతుంది.

అందుకని ఇక్కడ ఐదు క్యాంప్‌గ్రౌండ్‌లను (ఫ్రూటా, జంబో రాక్స్, డెవిల్స్ గార్డెన్, ఫర్నెస్ క్రీక్, నీడిల్స్) అందంతో కొలవడం లేదు. నీళ్ళున్నాయా, నీడుందా, టాయిలెట్ ఎలా ఉంది, ఒకే చోట నుంచి చిన్న నడకా పెద్ద నడకా రెండూ దొరుకుతాయా, అలిగిన మనిషి పోయి కూచోడానికి ఇంకో చోటుందా అన్నవే లెక్క. జట్టులో అందరికన్నా ఓపిక తక్కువున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని స్థలం ఎంచుకోవాలి. ఓపికున్నవాళ్ళు ఎక్కడైనా సర్దుకుంటారు.

ముందు బుకింగ్ సంగతి. చాలా గొడవలు అక్కడే మొలకెత్తుతాయి. ప్రభుత్వ బుకింగ్ వెబ్‌సైట్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో వీటి తేదీలు సాధారణంగా 6 నెలల ముందు తెరుచుకుంటాయి, పసిఫిక్ సమయం పొద్దున 7 గంటలకి, అంటే తూర్పు తీరంలో 10కి. మార్చి, ఏప్రిల్, అక్టోబర్ నెలల వారాంతాలు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. రద్దు చేసుకుంటే 10 డాలర్లు కోత. చేరాల్సిన రోజుగానీ దాని ముందురోజుగానీ రద్దు చేస్తే దానికి తోడు మొదటి రాత్రి అద్దె కూడా పోతుంది. చెప్పకుండా మానేస్తే 20 డాలర్లు, మొదటి రాత్రి అద్దె. కాబట్టి "చూద్దాం, వీలైతే వస్తా" అనే మనిషిని మీ బుకింగ్‌లో కలుపుకోవద్దు. పక్క సైట్ (టెంట్ వేసుకునే జాగా) వాళ్ళ ఖాతాలో వాళ్ళే తీసుకోవాలి. రాకపోతే పోయేది వాళ్ళ డబ్బే.

ఐదుగురు ఒక సైట్‌లో పట్టినా రెండు సైట్లు తీసుకోవడమే మంచిది. గురక పెట్టేవాళ్ళు, రాత్రి పదకొండుకి కబుర్లు మొదలెట్టేవాళ్ళు ఒకవైపు, తెల్లారకుండా లేచేవాళ్ళు ఇంకోవైపు. సైట్ వివరాల్లో కనిపించే పొడవు చూసి టెంట్ స్థలం అనుకుని పొరపాటు పడేవాళ్ళున్నారు. అది బండి నిలిపే డ్రైవ్‌వే పొడవు. టెంట్ జాగా ఎంతో, వాలు ఎటో తెలియాలంటే ఆ సైట్ ఫొటోలు చూడాలి. మ్యాప్‌లో పక్కపక్కన ఉన్న రెండు అంకెల మధ్య నిజంగా ఒక బండరాయి గుట్ట ఉండొచ్చు. కలిసిరాని జట్టుకి అది ఒకరకంగా వరమే.

ప్రవేశ రుసుము డెత్ వ్యాలీ, జాషువా ట్రీ, ఆర్చెస్, కెన్యన్‌లాండ్స్‌లో బండికి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతుంది. అన్ని నేషనల్ పార్కులకీ చెల్లే ఏడాది పాస్ అమెరికాలో నివసించేవాళ్ళకి 80 డాలర్లు. 2026 నుంచి బయటి దేశాలవాళ్ళకి 250. ఈ పార్కుల్లో ఆ పాస్ ఒక బండికీ అందులోని మనుషులకీ సరిపోతుంది. వెనక వచ్చే రెండో బండికి దాని టికెట్ దానికి కొనాల్సిందే. క్యాంప్ అద్దె పాస్‌లో రాదు. గేటు దగ్గర కిటికీ దించాక తేల్చుకునే విషయాలు కావివి, బయల్దేరకముందే గ్రూపులో రాసి పెట్టండి.

కలిసిరాని జట్టుకి అన్నిటికన్నా నప్పేది కాపిటల్ రీఫ్‌లోని ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్. యూటాలో, సుమారు 5,500 అడుగుల ఎత్తున, ఫ్రీమాంట్ నది పక్కన 71 సైట్లు. ఎడారిలో ఇంత పచ్చదనం ఎక్కడిదంటే, 1880ల్లో ఇక్కడ స్థిరపడిన మార్మన్ కుటుంబాలు వేసిన పండ్ల తోటలు. చెర్రీ, ఆప్రికాట్, పీచ్, పియర్, యాపిల్ చెట్లను పార్కు ఇంకా సాకుతోంది. కాపుకొచ్చినప్పుడు తెరిచిన తోటల్లో కోసుకుని, తూచి, డబ్బు పెట్టెలో వేసి తెచ్చుకోవచ్చు. తాగే నీళ్ళున్నాయి, ఫ్లష్ టాయిలెట్లున్నాయి, పెద్ద కాటన్‌వుడ్ చెట్ల నీడుంది. స్నానాలకి షవర్లు లేవు. దగ్గరి ఊరు టోరీ పదకొండు మైళ్ళే కాబట్టి "నాకు ఈ తిండి వద్దు" అనేవాళ్ళని బండెక్కించి పంపేయొచ్చు. తోటల దగ్గరి పాత గిఫర్డ్ ఇంట్లో అమ్మే పండ్ల పై (pie) కోసం మాత్రం పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నానికి ఉంటాయన్న నమ్మకం లేదు.

ఇక్కడి అసలు సుఖం నడకల్లో ఉంది. హిక్‌మన్ బ్రిడ్జ్ పోను రాను 2 మైళ్ళ లోపు, 400 అడుగుల ఎక్కుడు. కాసిడీ ఆర్చ్ అనే రాతి వంపు దాకా పోను రాను 3.4 మైళ్ళు, 670 అడుగులు. గ్రాండ్ వాష్ దాదాపు చదును, ఒక వైపుకి 2.2 మైళ్ళు. అన్నీ క్యాంప్‌కి దగ్గరే, కాబట్టి జట్టు రెండుగా చీలినా మధ్యాహ్నం భోజనానికి కలుస్తుంది. గ్రాండ్ వాష్‌కి ఒకటే షరతు. అది ఎండువాగు, ఇరుకైన చోట్ల రెండు వైపులా నిట్టనిలువు గోడలు. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఎక్కడో ఎగువన కురిసిన వాన ఇక్కడ నీలాకాశం కింద వరదై రావచ్చు. "మబ్బే లేదు కదా" అని వాదించే మనిషి ప్రతి జట్టులోనూ ఉంటారు. ఆ వాదన గెలవాల్సిన అవసరం లేదు, పొద్దున విజిటర్ సెంటర్‌లో రాసి ఉంచే వరద సూచన చూపిస్తే చాలు.

జాషువా ట్రీలోని జంబో రాక్స్ దీనికి పూర్తిగా ఎదురు. 124 సైట్లు, 4,400 అడుగుల ఎత్తు, గుండ్రటి రాతి గుట్టల మధ్య టెంట్లు. అలిగినవాళ్ళు దాక్కోడానికి ఇంతకన్నా మంచి చోటు ఏ పార్కులోనూ లేదు. కానీ నీటి చుక్క లేదు. టాయిలెట్లు గుంటవి, చేతులు కడుక్కోడానికి కుళాయి ఉండదు. ఫోన్ సిగ్నల్ పార్కులో చాలా భాగం లేదు. నీళ్ళు కావాలంటే పార్కు అంచులకి పోవాలి: బ్లాక్ రాక్, కాటన్‌వుడ్, ఇండియన్ కోవ్ రేంజర్ స్టేషన్, పశ్చిమ గేటు, ట్వెంటీనైన్ పామ్స్ ఊరి వైపు విజిటర్ సెంటర్. ఒక సైట్‌కి 6 మంది, 3 టెంట్లు, స్థలముంటే 2 బండ్లు. ఏడో మనిషి చివరి నిమిషంలో తేలితే రెండో సైట్ లేకుండా కుదరదు.

నీళ్ళ లెక్క ఇక్కడే చెప్పుకోవడం మేలు, దప్పికేశాక బావి తవ్వలేం. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి కనీసం 1 గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్లు. ఎండలో నడిచే రోజుకి 2. ఐదుగురు నాలుగు రోజులుండి, అందులో రెండు రోజులు గట్టిగా నడిస్తే 30 గ్యాలన్లు. గిన్నెలు కడగడానికి ఇంకో 4 అదనం. గ్యాలన్ నీళ్ళ బరువు 8.3 పౌండ్లు. 7 గ్యాలన్ల డబ్బా నింపితే 58 పౌండ్లు, 26 కిలోలు. అది ఎత్తగలిగేది జట్టులో ఒకరిద్దరే. ఆ ఒకరిద్దరూ రెండోరోజుకే "ఎప్పుడూ నేనేనా" అంటారు. 2 లేదా 3 గ్యాలన్ల డబ్బాలే తీసుకుని, ప్రతి మనిషి పేరూ మూత మీద రాయండి. కొలత ఎవరిది వాళ్ళకి కనిపిస్తే, అర లీటరు సీసా మనిషి కూడా రెండోరోజుకి దారిలోకి వస్తారు. దుకాణంలో అమ్మే పలచటి ప్లాస్టిక్ డబ్బాలు గతుకుల్లో అడుగున చిట్లుతాయి. కుళాయి ఉన్న డబ్బాని బండిలో పడుకోబెడితే వాషర్ దగ్గర కారుతుంది, నిలబెట్టి తాడు కట్టాలి.

జంబో రాక్స్‌లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. రాతి గుట్టలు మాటని దూరం మోస్తాయి కాబట్టి పక్క సైట్లవాళ్ళు వచ్చి చెప్పేదాకా ఆగకండి. స్పీకర్ తెచ్చే మనిషికి ఈ నియమం ముందే పంపండి. కుక్కని తెస్తానన్న మనిషికి ఇంకో నియమం పంపాలి: ఈ పార్కులో కుక్కని ట్రెయిల్స్ మీదికి తీసుకెళ్ళకూడదు. రోడ్డుకీ క్యాంప్‌కీ పిక్నిక్ చోటుకీ 100 అడుగుల లోపే, 6 అడుగులకి మించని పట్టీతో ఉండాలి. ఎండలో బండిలో వదిలేయడం కుదరదు. అంటే కుక్క వచ్చిందంటే రోజూ ఒక మనిషి క్యాంప్‌లో కాపలా ఉండాలి. ఆ వంతు ఎవరిదో ఇంటి దగ్గరే తేలాలి. డ్రోన్ సంగతి ఇంకా తేలిక: నేషనల్ పార్కులన్నిటా నిషేధం, 5,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు. ఇంట్లో పెట్టి రమ్మనండి.

చోళా కాక్టస్ తోటలో పావు మైలు నడకే కానీ, దువ్వెన లేకుండా వెళ్ళొద్దు. చోళా ముద్ద కాస్త తగిలితే చాలు, విరిగి చర్మానికి అంటుకుపోతుంది. ముల్లు కొనన వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి, అందుకే లోపలికి పోయినంత సులువుగా బయటికి రాదు. చేత్తో లాగితే ఆ చేతికి కూడా అంటుకుంటుంది. దువ్వెన పళ్ళని ముద్దకీ చర్మానికీ మధ్య దూర్చి, ఒక్క విసురుతో అవతలికి ఎగరగొట్టాలి, ఆ వైపు ఎవరూ లేరని చూసుకుని. మిగిలిన ముళ్ళని పట్టకారుతో ఒక్కొక్కటీ తీయాలి. ఫొటో కోసం దారి దిగే మనిషి జేబులోనే ఆ దువ్వెన పెట్టండి.

ఆర్చెస్‌లోని డెవిల్స్ గార్డెన్‌లో 51 సైట్లు, గేటు నుంచి 18 మైళ్ళు లోపలికి. నీళ్ళున్నాయి, టాయిలెట్లు బాగున్నాయి, షవర్లు లేవు. మరిచిపోయిన సామాను కోసం దగ్గరి ఊరు మోయాబ్ వెళ్ళి రావాలంటే పూట పోతుంది. కాబట్టి పొయ్యి గ్యాస్, అగ్గిపెట్టె, కట్టెలు ఎవరి బాధ్యతో పేరు పెట్టి అప్పగించాలి. పడిపోయిన ఎండుకొమ్మలని కూడా ఏరడానికి వీల్లేదు.

ఈ చోటు గొప్పదనం ట్రెయిల్ ఆకారంలో ఉంది. క్యాంప్ పక్కనే మొదలయ్యే ఒకే దారిలో ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ దాకా పోను రాను 1.9 మైళ్ళు, చక్కటి బాట. 306 అడుగుల ఆ రాతి వంపు చూసి అలసినవాళ్ళు వెనక్కి తిరగొచ్చు. అక్కడి నుంచి రాతి అంచుల మీద ఎక్కుతూ డబుల్ ఓ అనే ఇంకో ఆర్చ్ దాకా వెళ్ళొస్తే మొత్తం 4.1 మైళ్ళు. ప్రిమిటివ్ ట్రెయిల్ అనే గరుకు దారితో సహా అంతా చుట్టి వస్తే 7.9. "నా వల్ల కాదు" అని చెప్పడానికి మొహమాటపడే మనిషికి ఇదే సరైన దారి, ఎందుకంటే ఆగే చోటు దారే చూపిస్తుంది. డెలికేట్ ఆర్చ్ అలా కాదు. పోను రాను 3 మైళ్ళే అయినా 480 అడుగులు ఎక్కాలి, నున్నటి రాయి, నీడ దాదాపు శూన్యం, చూడాల్సింది చివర్నే ఉంది. మధ్యలో ఆగిపోయిన మనిషికి ఏమీ దక్కదు, మిగిలినవాళ్ళకి వాళ్ళని వదిలి వెళ్ళామన్న ముల్లు మిగులుతుంది. మనిషికి కనీసం 2 లీటర్లు లేకుండా మొదలెట్టొద్దు.

వేగంగా నడిచేవాళ్ళతో చిక్కు ఏమిటంటే, వాళ్ళు ఆగి ఎదురుచూస్తారు, వెనకవాళ్ళు చేరగానే లేచి బయల్దేరతారు. అంటే అందరికన్నా అలసిన మనిషికే విశ్రాంతి దొరకదు. చివరి మనిషి చేరాక 5 నిమిషాలు ఎవరూ కదలకూడదన్న ఒక్క నియమం సగం కోపాలని తీరుస్తుంది. ముందు నడిచేది నిదానస్తులు, వెనక ఉండేది దారి తెలిసిన మనిషి. చీలిక వచ్చిన ప్రతిచోటా ఆగాలి. వెనక్కి తిరిగే గంట బయల్దేరకముందే చెప్పాలి: పదిన్నరకి ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం రెండు వందల అడుగుల్లో ఉన్నా సరే. ఈ నియమాన్ని ఎండలో, దారి మధ్యలో పెట్టబోతే ఎవరూ వినరు.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటుంది. ఎడారిలో "ఈ మనిషి భరించలేం" అనిపించే చిరాకులో కొంత స్వభావం కాదు, వేడి. తలనొప్పి, వికారం, విసుగు, మాటకి మాట ఎదురాడటం, నడకలో వెనకబడటం వడదెబ్బకి ముందొచ్చే గుర్తులు. వాదించకండి. నీడలో కూచోబెట్టి, బూట్లు వదులు చేసి, చొక్కా తడిపి విసరండి. నీళ్ళు గుక్క గుక్కగా, తోడుగా ఉప్పగా ఉండే చిరుతిండి. అరగంటలో మనిషి మామూలైతే ఆ రోజుకి నడక అయిపోయినట్టే. దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది: పొద్దుటి నుంచి లీటర్ల కొద్దీ ఒట్టి నీళ్ళు తాగి, ఏమీ తినని మనిషికి రక్తంలో ఉప్పు పలచబడి అవే తలనొప్పి, వికారం వస్తాయి. మూత్రం తేటగా మాటిమాటికీ వస్తూ, చేతివేళ్ళు ఉబ్బితే ఇదేమో అని అనుమానించాలి. ఇంకా నీళ్ళు పోస్తే ముదురుతుంది, ఉప్పు తిండి పెట్టి నీళ్ళు ఆపాలి. మాట తడబడితే, తూలితే, ఎక్కడున్నారో తెలియకపోతే ఏ రకమని ఆలోచిస్తూ కూర్చోవద్దు. అది ప్రాణం మీదికి వచ్చినట్టే. ఒళ్ళు వేడిగా ఉంటే ఉన్న నీళ్ళన్నీ ఒంటి మీద పోసి చల్లబరుస్తూ, ఒకరిని సాయానికి పంపాలి. జాషువా ట్రీలో అయితే ఎమర్జెన్సీ ఫోన్లు ఇండియన్ కోవ్ రేంజర్ స్టేషన్ దగ్గరా, హిడెన్ వ్యాలీ క్యాంప్‌గ్రౌండ్ పక్కన ఇంటర్‌సెక్షన్ రాక్ పార్కింగ్‌లోనూ ఉన్నాయి. మొదటి రోజే చూసి పెట్టుకోండి.

డెత్ వ్యాలీలో ఫర్నెస్ క్రీక్ సౌకర్యాల్లో లోటు లేనిది. సముద్ర మట్టానికి 196 అడుగుల దిగువన 136 సైట్లు, తాగే నీళ్ళు, ఫ్లష్ టాయిలెట్లు, నడిచే దూరంలో విజిటర్ సెంటర్. దగ్గరి రిసార్ట్‌లో దుకాణం ఉంది, డబ్బు కడితే స్నానం కూడా. సుఖానికి అలవాటుపడ్డ మనిషిని మొదటిసారి ఎడారికి తీసుకెళ్ళాలంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య ఇక్కడికి తీసుకెళ్ళండి. ఏప్రిల్‌కే మధ్యాహ్నం సగటున 90 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరుతుంది. 1913 జులై 10న 134 డిగ్రీలు, అంటే 56.7 సెల్సియస్, నమోదైంది ఈ ఫర్నెస్ క్రీక్‌లోనే. వేసవిలో లోయలో పొద్దున 10 దాటాక నడవొద్దని పార్కే చెబుతుంది. ఈ మాటతో వాదించే మనిషితో వేసవిలో ఇక్కడికి అసలు రావద్దు. మోతకి చిరాకుపడేవాళ్ళుంటే ఇదీ గమనించండి: ఇక్కడ జనరేటర్లు పగలంతా ఆడొచ్చు, పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకా. పక్కనే గుట్ట మీది టెక్సాస్ స్ప్రింగ్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో జనరేటర్లకి అనుమతి లేదు.

ఇక్కడ టెంట్లని పాడుచేసేది వేడికన్నా గాలి, ముఖ్యంగా వసంతంలో. నేల గట్టిపడ్డ కంకర. టెంట్‌తో వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు రెండో దెబ్బకే వంగుతాయి. 10 అంగుళాల ఉక్కు మేకులు, ఒక సుత్తి తెచ్చుకోవాలి. వాటికవే నిలబడే టెంట్ కదా అని తాళ్ళు కట్టకుండా నడకకి పోతే, వచ్చేసరికి అది ఇంకో సైట్‌లో ఉంటుంది. మూలలకి తాడు కట్టి రాళ్ళకి ముడేయండి, రోజంతా బయటికి పోయేటప్పుడు కర్రలు తీసి టెంట్ పడుకోబెట్టి పైన బరువు పెట్టండి. లోపలి గుడ్డ అంతా జాలీగా ఉండే టెంట్లలోకి సన్నటి దుమ్ము నేరుగా దిగుతుంది. సగం ఎత్తు దాకా గుడ్డ ఉన్నది నయం. జిప్ పళ్ళని ప్రతి సాయంత్రం చిన్న బ్రష్‌తో దులపాలి. గాలి రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు కాబట్టి మర్నాడు పెద్ద నడక పెట్టుకోవద్దు.

చివరిది కెన్యన్‌లాండ్స్‌లోని నీడిల్స్. 26 సైట్లు, ఒక్కో సైట్‌కి 10 మంది దాకా, అంటే కాగితం మీద పెద్ద జట్టుకి అనువుగా కనిపిస్తుంది. ఐదింటిలో అందమైనది ఇదే, కలిసిరాని జట్టు వెళ్ళకూడనిదీ ఇదే. మోయాబ్ సుమారు 75 మైళ్ళు. ఒకరికి విసుగొచ్చి వెళ్ళిపోతానంటే బండి వాళ్ళతో పోతుంది, మిగిలినవాళ్ళు ఇరుక్కుంటారు. ట్రెయిల్స్ నున్నటి రాతి మీద సాగుతాయి. కాలిబాట కనిపించదు, చిన్న రాళ్ళు పేర్చిన గుర్తులే దారి. ముందు పరుగెత్తిన మనిషి ఒక గుర్తు తప్పితే వెనకవాళ్ళు ఇంకో లోయలోకి దిగుతారు, ఫోన్ పలకదు. చెస్లర్ పార్క్ వ్యూపాయింట్ దాకా పోను రాను 6 మైళ్ళ లోపే, అయినా మూడు చోట్లయినా ఆగి తలలు లెక్కపెట్టుకోవాలి. దారి పక్కన నల్లగా, గరుకుగా పెచ్చులా కనిపించే మట్టి బతికున్న పొర. ఒక్క అడుగు పడితే కోలుకోడానికి ఏళ్ళు పడుతుంది. ఫ్రూటాలో నాలుగు రోజులు మాట పట్టింపు లేకుండా గడిపిన జట్టయితే, రెండు బండ్లతో, నిండు ట్యాంకులతో, తిరిగొచ్చే గంట రాసిన కాగితం బండి అద్దం దగ్గర పెట్టి నీడిల్స్‌కి వెళ్ళొచ్చు.